‘నాకు తెలియదు’ అనగలిగే గది

2002 అక్టోబరు మొదటి వారం. ఇరాక్‌పై యుద్ధానికి వెళ్లే అధికారం అధ్యక్షుడు బుష్‌కు ఇవ్వాలా వద్దా అన్నది అమెరికా కాంగ్రెస్ తేల్చాల్సిన సమయం. సద్దాం హుసేన్ దగ్గర ఏ ఆయుధాలున్నాయో చెబుతూ గూఢచార సంస్థలన్నీ కలిసి 92 పేజీల రహస్య అంచనా పత్రం తయారుచేశాయి. దాన్ని కాపలా మధ్య ఒక గదిలో ఉంచారు. సెనేటర్ ఎవరైనా సరే వెళ్లి, కూర్చుని చదువుకోవచ్చు. ముందున్న ఐదు పేజీల సారాంశం దాటి లోపలికి వెళ్లిన సెనేటర్లు ఆరుగురికి మించరని తర్వాత వాషింగ్టన్ పోస్ట్ రాసింది. ఓటింగ్‌లో మాత్రం 77 మంది ‘సరే’ అన్నారు, 23 మంది వద్దన్నారు. ఇంటెలిజెన్స్ కమిటీకి అప్పట్లో అధ్యక్షుడైన బాబ్ గ్రాహమ్ ఆ పత్రం చదివారు. ఆయన వద్దన్నవాళ్లలో ఒకరు. ఇరాక్ అణు కార్యక్రమం మళ్లీ మొదలైందన్న మాటతో తాము ఏకీభవించడం లేదని విదేశాంగ శాఖ గూఢచార విభాగం రాసిన అసమ్మతి ఆ పత్రంలోనే ఉంది.

సెనేటర్లు బద్ధకస్తులు, అందుకే చదవలేదు అనేస్తే సులువే. కానీ వాషింగ్టన్‌లో కాగితానికి ఏనాడూ కొరత లేదు. కాంగ్రెస్‌కు సొంత పరిశోధనా విభాగం 1914 నుంచే ఉంది. అడిగితే ఏ దేశం గురించైనా ఏ పార్టీ వైపూ మొగ్గని నివేదిక తెచ్చి చేతిలో పెడుతుంది. కొరత ఉన్నది అడిగే చోటుకు. ప్రజాప్రతినిధి నోట రావడానికి అన్నిటికన్నా కష్టమైన మాట ‘నాకు తెలియదు, కాస్త చెప్పండి’. కెమెరా ముందు ఆ మాటంటే సాయంత్రానికల్లా ఎదుటి పార్టీ చేతిలో అది ప్రకటన అవుతుంది. ప్రతినిధుల సభ కమిటీ విచారణల్లో ఒక్కొక్కరికి దక్కేది ఐదు నిమిషాలు. అందులో నాలుగు ఉపన్యాసానికి పోతాయి, మిగిలిన నిమిషంలో వేసే ప్రశ్నకు జవాబు ముందే రాసిపెట్టుకుని ఉంటుంది. సాక్షిగా వచ్చిన నిపుణుడిని కూడా ఏదో ఒక పక్షమే పిలిపించి ఉంటుంది. అక్కడ ఎవరూ ఏదీ నేర్చుకోరు, నేర్చుకుంటున్నట్టు కనిపించే ప్రమాదం కూడా చేయరు.

ఈ ఇబ్బందిని పసిగట్టి, దానికి సరిపడా ఒక గదిని కట్టిన మనిషి డిక్ క్లార్క్. అయోవా రాష్ట్రానికి చెందిన డెమొక్రాట్. 1972 ఎన్నికల్లో రాష్ట్రమంతా సుమారు 1,300 మైళ్లు కాలినడకన తిరిగి సెనేటర్ అయ్యారు. పాదయాత్ర మన పేటెంట్ అనుకుంటాం గానీ, మొక్కజొన్న చేల మధ్య కూడా అది బాగానే పనిచేసింది. కొత్తగా వచ్చినవాడు, సీనియారిటీ లేదు. విదేశీ సంబంధాల కమిటీలో సీనియర్లు పెద్దగా పట్టించుకోని ఆఫ్రికా ఉపసంఘం పగ్గాలు ఆయన చేతికొచ్చాయి.

అది 1975. పోర్చుగల్ వదిలి వెళ్లిపోతున్న అంగోలాలో అధికారం కోసం మూడు వర్గాలు కొట్టుకుంటున్నాయి. ఒక వర్గానికి సోవియట్, క్యూబాల అండ. మిగతా రెంటికీ అమెరికా సీఐఏ ద్వారా చాటుగా సాయం. పైగా దక్షిణాఫ్రికా సైన్యం దక్షిణం నుంచి చొరబడింది. ఒక్క దేశపు అంతర్యుద్ధంలో పలు ఖండాల వాళ్ల చేతులు. ఆ ఆగస్టులో క్లార్క్ స్వయంగా ఆఫ్రికా వెళ్లి, అంగోలా వర్గాల నేతలను కలిశారు. వాషింగ్టన్‌లో అధికారులు చెప్పినదానికీ, అక్కడ తను విన్నదానికీ పొంతన కుదరలేదు. తిరిగొచ్చాక ఆయన పట్టుబట్టడంతో, అంగోలాలో పోరాడే వర్గాలకు చాటుమాటు సాయాన్ని నిషేధించే క్లార్క్ సవరణ 1976లో చట్టమైంది. 1985 దాకా అమల్లో ఉంది. దాని మంచిచెడుల మీద ఇప్పటికీ వాదనలున్నాయి. మన కథకు కావలసింది ఒక్కటే: ఒక శాసనకర్త తనకు వినిపించినదాన్ని బయట సరిచూసుకునే అవకాశం దొరికితే ఏమవుతుందో ఆయన తనమీదే పరీక్షించుకున్నారు.

1978లో క్లార్క్ ఓడిపోయారు. ఆ ఓటమి కోసం తమ ప్రభుత్వం రహస్యంగా డబ్బు గుమ్మరించిందని దక్షిణాఫ్రికా సమాచార శాఖ మాజీ అధికారి ఎష్కెల్ రూడీ తర్వాత చెప్పుకొచ్చారు. గెలిచిన అభ్యర్థి తనకేమీ తెలియదన్నారు. నిజానిజాలెలా ఉన్నా, విదేశాంగం మీద నోరు తెరిచే శాసనకర్త చుట్టూ ఎవరెవరి ప్రయోజనాలు తిరుగుతుంటాయో క్లార్క్‌కు వేరే పాఠం అక్కర్లేదు. 1983లో ఆస్పెన్ ఇన్‌స్టిట్యూట్ అనే మేధో సంస్థ గొడుగు కింద, అమెరికా శాసనకర్తల కోసం ఆయన మొదలుపెట్టిన కాంగ్రెస్ కార్యక్రమం నియమాలు చూస్తే ఆ ఎరుక కనిపిస్తుంది.

రెండు పార్టీల సభ్యులనూ పిలుస్తారు. విషయం తెలిసిన పరిశోధకులు, మాజీ రాయబారులు, ఆయా దేశాల వాళ్లు వస్తారు. ఎవరో ఒకరి తరఫున సభ్యులపై ఒత్తిడి తెచ్చే లాబీయిస్టులకు, బయటి పరిశీలకులకు ప్రవేశం లేదు. ఖర్చు దాతృత్వ ఫౌండేషన్లది. ప్రభుత్వ సొమ్ము గానీ కంపెనీల సొమ్ము గానీ ముట్టరు. వాషింగ్టన్‌లో ఉదయపు ఫలహారం మీద జరిగే చిన్న భేటీలు కొన్ని, విదేశాల్లో నాలుగైదు రోజులు సాగే సమావేశాలు కొన్ని. వచ్చినవాళ్లు అన్ని సెషన్లలోనూ కూర్చోవాలి. ఒక ఫొటో దిగి ఊరు చూసొస్తామంటే కుదరదు. తర్వాత వెలువడే నివేదికలో చర్చ సారాంశం ఉంటుంది, ఏ మాట ఎవరన్నారో ఉండదు. లండన్‌లో చాథమ్ హౌస్ అనే విదేశాంగ అధ్యయన సంస్థ 1927లో పెట్టుకున్న నియమం ఆత్మ కూడా ఇదే. విన్నదాన్ని వాడుకోవచ్చు, అన్నవాడి పేరు మాత్రం బయటపెట్టకూడదు.

ఈ ఏర్పాట్లలో ఎవరూ గొప్పగా చెప్పుకోనిది, నా లెక్కలో అసలైనది, భోజనాల బల్ల. ఏ పూట ఎవరి పక్కన ఎవరు కూర్చోవాలో నిర్వాహకులే మారుస్తుంటారు. సభ్యులు తమ జీవిత భాగస్వాములతో రావచ్చు. సభలో ఎదుటి వరసలో కూర్చుని తిట్టిపోసే మనిషి భార్య పక్క కుర్చీలో కూర్చుని పిల్లల చదువుల గురించి మాట్లాడాక, మర్నాడు అదే మనిషిని దేశద్రోహి అనడానికి నోరు అంత తేలిగ్గా రాదు. మంగళవారం విమానం దిగి గురువారం సాయంత్రం సొంత నియోజకవర్గానికి ఎక్కేసే నేటి కాంగ్రెస్ సభ్యులకు ఎదుటి పార్టీ వాళ్లతో కలిసి తీరిగ్గా తినే భోజనం దొరకడం అరుదు.

ఇదంతా మర్యాదల ముచ్చటేనా, ఎప్పుడైనా ఏమైనా తేలిందా అంటే, 1991 శరత్కాలం చూడాలి.

ఆ ఏడాది ఆగస్టులో మాస్కోలో గోర్బచేవ్‌పై కుట్ర జరిగినప్పుడు డెమొక్రాట్ సెనేటర్ శామ్ నన్ బుడాపెస్ట్‌లో ఇలాంటి సమావేశంలోనే ఉన్నారు. సోవియట్ వైపు నుంచి వచ్చినవాళ్లలో ఆండ్రేయ్ కొకోషిన్ అనే విద్వాంసుడు నన్‌కు పాత పరిచయం. ఆయన హడావిడిగా మాస్కో వెళ్లి, కుట్ర విఫలమయ్యాక అక్కడినుంచే ఫోన్ చేసి నన్‌ను రమ్మన్నారు. నన్ వెళ్లారు. అప్పుడే నిర్బంధం నుంచి బయటపడిన గోర్బచేవ్‌ను కలిసి, ఆ మూడు రోజులూ అణ్వాయుధాల అదుపు మీ చేతిలోనే ఉందా అని అడిగారు. నమ్మకం కలిగించే జవాబు రాలేదు. వేల అణు వార్‌హెడ్లున్న దేశం ముక్కలవుతోంది, తాళం చెవులు ఎవరి జేబులో ఉన్నాయో దాని అధ్యక్షుడే గట్టిగా చెప్పలేకపోతున్నాడు. ఈ సంగతి నన్ ఏ పత్రికలోనో చదివింది కాదు, మనిషి ముఖంలో చూసింది.

తిరిగొచ్చి ఆయన ప్రతినిధుల సభలోని లెస్ ఆస్పిన్‌తో కలిసి సోవియట్‌కు వంద కోట్ల డాలర్ల సాయం ప్రతిపాదించారు. అది మొదట్లోనే కూలింది. ఆర్థిక మాంద్యం, ఇంటి దగ్గర ఉద్యోగాల బెంగ. నవంబరు 5న పెన్సిల్వేనియా సెనేట్ ఉపఎన్నికలో ‘ముందు మన ఇల్లు’ అన్న గాలికి హ్యారిస్ వోఫోర్డ్ గెలిచారు. నిన్నటి శత్రువుకు డబ్బా అంటే ఓటరు ఒప్పుకోడని సభ్యులంతా వెనక్కి తగ్గారు.

నవంబరు 19న నన్ కార్యాలయంలో ఒక చిన్న భేటీ జరిగింది. రిపబ్లికన్ సెనేటర్ రిచర్డ్ లూగర్ వచ్చారు. కార్నెగీ కార్పొరేషన్ అనే దాతృత్వ ఫౌండేషన్ అధిపతి డేవిడ్ హాంబర్గ్, విద్వాంసులు విలియం పెర్రీ, జాన్ స్టైన్‌బ్రూనర్, ఆష్ కార్టర్ కూర్చున్నారు. కార్టర్ అప్పటికి హార్వర్డ్‌లో ఉన్న భౌతిక శాస్త్రవేత్త. విడిపోతున్న సోవియట్‌లో అణ్వాయుధాల గతి ఏమిటన్నదానిపై ఆయన బృందం అధ్యయనం పూర్తిచేసి ఉంది. రెండు రోజులు తిరక్కుండా, రెండు పార్టీల సెనేటర్లను నన్, లూగర్ ఫలహారానికి పిలిచారు. కార్టర్ విషయం విడమరిచారు. ఆయుధాలు ఎక్కడెక్కడున్నాయి, అవి దారితప్పే మార్గాలేమిటి, వాటిని విప్పి పడేయడానికి ఎంతవుతుంది. ‘రష్యాకు సాయం’ అన్న మాట ఆ బల్ల దగ్గర ‘మనవైపు గురిపెట్టిన క్షిపణులను విప్పే ఖర్చు’ అయింది. అదే నెల 25న సెనేట్ 86–8 తేడాతో ఆమోదించింది. చివరికి 40 కోట్ల డాలర్లతో చట్టమై, డిసెంబరు 12న అధ్యక్షుడి సంతకమైంది. నెల కిందట ప్రాణం పోయిందనుకున్న ఆలోచన.

నన్–లూగర్ పథకం కింద తర్వాతి రెండు దశాబ్దాల్లో 7,600కు పైగా వార్‌హెడ్లు నిర్వీర్యమయ్యాయి. కజకిస్థాన్, ఉక్రెయిన్, బెలారస్ అణ్వాయుధాలు లేని దేశాలయ్యాయి. ఫలహారం మీద ఇంత పని జరిగిందనడం అతిశయమే. సోవియట్ కూలకపోతే, డబ్బు చేతిలో పెట్టుకున్న ఫౌండేషన్ లేకపోతే, కార్టర్ అధ్యయనం అప్పటికే సిద్ధంగా లేకపోతే ఏ బల్ల దగ్గరైనా ఇడ్లీలే మిగిలేవి. కానీ మాస్కో నుంచి వచ్చిన ఆ ఫోను పాత పరిచయం వల్ల వచ్చింది. నన్, లూగర్ ఒకరినొకరు నమ్మడం కూడా ఏళ్ల తరబడి ఇలాంటి గదుల్లో, ప్రయాణాల్లో పెరిగిందే. అవసరం పడ్డ రోజున నిపుణుడికి ఫోన్ చేయాలంటే, అవసరం లేని రోజుల్లో పరిచయం చేసుకుని ఉండాలి.

ఇక రెండో వైపు. తలుపులు మూసిన గది అన్నాక లోపల ఎవరున్నారు, బిల్లెవరు కట్టారు అని బయటివాడు అడగక మానడు, అడగాలి కూడా. జాక్ అబ్రమాఫ్ అనే లాబీయిస్టు కాంగ్రెస్ సభ్యులను స్కాట్లండ్‌లో గోల్ఫ్ ఆడించి తెచ్చిన బాగోతం బయటపడ్డాక, 2007లో నిబంధనలు బిగించారు. బయటివాళ్ల ఖర్చుతో వెళ్లే ప్రయాణానికి ఎథిక్స్ కమిటీ ముందస్తు అనుమతి ఉండాలి, లాబీయిస్టు వెంట రాకూడదు, ఎవరు ఎంత పెట్టారో దాఖలు చేయాలి. ఇంతా చేసి 2013లో ఏమైంది? పది మంది ప్రతినిధులు, ముప్ఫై మందికి పైగా సిబ్బంది అజర్‌బైజాన్ రాజధాని బాకూలో ఒక సదస్సుకు వెళ్లారు. పిలిచింది లాభాపేక్ష లేని సంస్థలని కాగితాల్లో ఉంది. వెనక డబ్బు ఆ దేశపు ప్రభుత్వ చమురు కంపెనీదని తర్వాత విచారణలో తేలింది. వెళ్లినవాళ్లకు పట్టు స్కార్ఫులు, గాజు టీ సెట్లు, తివాచీలు ముట్టాయి. సొమ్ము ఎక్కడిదో సభ్యులకు తెలియదని ఎథిక్స్ కమిటీ వాళ్లను వదిలేసింది. చెప్పేది చమురువాడైనా, పలకపై పేరు ‘మేధోమథనం’ అనే ఉంటుంది. తేడా తెలిసేది బిల్లు దగ్గరే.

డబ్బు శుభ్రంగా ఉన్నా మరో చిక్కుంది. ఇది ఇంకా లోతైనది. రెండు పార్టీల వాళ్లనూ చెరోవైపు కూర్చోబెడితే నిష్పాక్షికత వచ్చేసినట్టు కాదు. 1998లో నాటో విస్తరణకు సెనేట్ 80–19తో ఒప్పుకుంది. రెండు పార్టీలూ దాదాపు ఒకే మాట. ప్రచ్ఛన్నయుద్ధ విధానానికి పునాది వేసిన జార్జ్ కెన్నన్ అంతటివాడు అంతకు ఏడాది ముందే ఇది ఘోరమైన తప్పవుతుందని పత్రికలో రాశారు. కెన్నన్ మాటే నిజమైందా లేదా అన్నది వేరే వాదన. విదేశాంగంలో అసలు భేదాలు చాలాసార్లు పార్టీల మధ్య ఉండవు, రెండు పార్టీలూ కలిసి ఒక పక్కన, బయట ఒంటరిగా నిలబడ్డ నిపుణుడు మరో పక్కన ఉంటారు. పార్టీల త్రాసుతో తూచి అతిథుల జాబితా రాస్తే ఆ ఒంటరివాడికి కుర్చీ దొరకదు. ఒకే నాలుగు విశ్వవిద్యాలయాల్లో చదివి, ఒకే కార్యాలయాల్లో పనిచేసి, ప్రభుత్వం మారినప్పుడల్లా సంస్థలకూ శాఖలకూ మధ్య తిరిగే వాళ్లతో బల్ల నిండితే అది చర్చ కాదు, పూర్వ విద్యార్థుల సమ్మేళనం.

మన దగ్గర సంగతేమిటి? అమెరికాలో ఒప్పందానికి సెనేట్‌లో మూడింట రెండొంతుల మద్దతు కావాలి. అందుకే అక్కడ సెనేటర్‌కు అర్థమయ్యేలా చెప్పాలన్న తాపత్రయం అందరికీ ఉంటుంది. భారత్‌లో ఒప్పందం చేసుకోవడం ప్రభుత్వం పని. అమలుకు చట్టం కావలసివస్తే 253వ అధికరణం కింద పార్లమెంటు దగ్గరికి వస్తుంది, అంతే. దానికి తోడు 1985 నుంచి ఫిరాయింపుల నిరోధక చట్టం ఉంది. విప్ జారీ అయ్యాక ఎంపీకి అర్థమైనా, అర్థం కాకపోయినా పడే ఓటు ఒకటే. అలాంటప్పుడు అర్థం చేసుకోవడానికి నాలుగు రోజులు ఎందుకు పెట్టాలి? ఎంపీకి సహాయంగా పరిశోధకులను పంపే పనిని పీఆర్‌ఎస్ లాంటి స్వతంత్ర సంస్థ భుజాన వేసుకోవాల్సి వచ్చిందంటే లోటు ఎంతో తెలుస్తుంది.

అయితే మనకూ ఒక గది ఉంది. పెద్దగా ఎవరికీ పట్టని గది. విదేశీ వ్యవహారాల స్థాయీ సంఘంలో 31 మంది సభ్యులు, లోక్‌సభ నుంచి 21, రాజ్యసభ నుంచి 10. సమావేశాలు మూసిన తలుపుల వెనకే. అక్కడ విప్ ఉండదు, కెమెరా ఉండదు. 2017లో డోక్లాంలో భారత్, చైనా సైన్యాలు రెండు నెలలకు పైగా ఎదురెదురు నిలిచాక, ఆ వ్యవహారాన్ని తవ్వింది ఈ సంఘమే. శశిథరూర్ అధ్యక్షుడు, రాహుల్ గాంధీ ఒక సభ్యుడు, పాలకపక్షం వాళ్లూ అందులోనే ఉన్నారు. విదేశాంగ కార్యదర్శిని కూర్చోబెట్టి అడిగి, 2018లో నివేదిక ఇచ్చారు. టీవీ స్టూడియోలో అదే సభ్యుల మధ్య డోక్లాం మీద ఏ స్థాయి చర్చ జరిగేదో ఊహించుకోవచ్చు. లోపమల్లా సంఘాన్ని ఏటా కొత్తగా వేయడం. చైనా సరిహద్దు మ్యాపు కాస్త తలకెక్కేసరికి సభ్యుడు బొగ్గు, ఉక్కు సంఘానికి బదిలీ అయినా ఆశ్చర్యం లేదు.

పార్టీలకతీతంగా విదేశాంగం అనగానే మనవాళ్లకు గుర్తొచ్చేది వేరు. 1994లో జెనీవాలో కశ్మీర్‌పై పాకిస్థాన్ తీర్మానాన్ని ఎదుర్కోవడానికి ప్రధాని పీవీ నరసింహారావు పంపిన బృందానికి నాయకుడు ప్రతిపక్ష నేత వాజపేయి. పాకిస్థాన్ వెనక్కి తగ్గింది. 2025 మేలో ఆపరేషన్ సిందూర్ తర్వాత ఏడు అఖిలపక్ష బృందాలు దేశదేశాలు తిరిగాయి. అసదుద్దీన్ ఒవైసీ, పురందేశ్వరి, లావు శ్రీకృష్ణదేవరాయలు వేర్వేరు బృందాల్లో వెళ్లారు. రెండూ మంచి పనులే. కానీ అవి దేశం మాట ఒకే గొంతుతో బయటికి చెప్పడం. వెళ్లినవాళ్లు నేర్చుకోవడానికి వెళ్లలేదు, నేర్చినది అప్పగించడానికి వెళ్లారు. మనకు ఈ రెండో రకం బాగా అలవాటు, మొదటిది ఇంకా కాలేదు.

అలవాటు కాకపోతే నష్టమెక్కడో భీమవరం చుట్టుపక్కల చెరువుగట్ల మీద కనిపిస్తుంది. కిలోకు వంద తూగే రొయ్యను అక్కడ ‘వంద కౌంట్’ అంటారు. కౌంట్‌ను బట్టే రేటు. 2025 ఆగస్టులో ఆ రేట్లను వణికించింది వైరస్ కాదు. ఉక్రెయిన్‌లో యుద్ధం, దానివల్ల చవకైన రష్యా చమురు, ఆ చమురు కొంటున్నందుకు భారత్‌పై అమెరికా వేసిన అదనపు 25 శాతం. ముందువేసిన 25తో కలిపి సుంకం 50కి చేరింది. పోటీదారు ఈక్వెడార్‌కు పడింది 15 శాతమే. ఐరోపాలో యుద్ధానికి, దక్షిణ అమెరికా తీరంలో పెంపకానికి, పశ్చిమగోదావరి చెరువుకు మధ్య ఉన్న ఈ లంకె ఒక్కరోజులో పుట్టింది కాదు. ఒకప్పుడు నన్, లూగర్ విప్పించిన క్షిపణుల్లో కొన్ని ఉన్నది కూడా ఆ ఉక్రెయిన్‌లోనే. ఈ గొలుసును చివరి నుంచి మొదటి దాకా ఎంపీకి చెప్పగలిగినవాళ్లు దేశంలో ఉన్నారు. వాణిజ్య చట్టం తెలిసినవాళ్లున్నారు, మాస్కోలో పనిచేసొచ్చిన రాయబారులున్నారు, ఎగుమతి లెక్కలు వేళ్ల మీద చెప్పే కాకినాడ వ్యాపారులున్నారు. వాళ్లంతా ఎంపీలతో ఒక బల్ల దగ్గర, రేట్లు పడకముందే కూర్చునే ఏర్పాటు లేదు. రేట్లు పడ్డాక వినతిపత్రాలు మాత్రం చాలా వెళ్లాయి.

స్థాయీ సంఘం నివేదికల చివర అనుబంధంగా మినిట్స్ అచ్చువేస్తారు. ఆ రోజు ఎవరెవరు హాజరయ్యారో వరసగా పేర్లుంటాయి. 31 మందిలో ఎందరు వచ్చారో వేలు పెట్టి లెక్కపెట్టుకోవచ్చు. తర్వాత సభ్యులు ఫలానా అంశాలు లేవనెత్తారని రెండు మూడు వాక్యాలు. ఏ ప్రశ్న ఎవరిదో ఉండదు. కింద ఎప్పుడూ ఉండే ఒక ముక్తాయింపు: సమావేశంలో జరిగిన చర్చను మాటామాటా రికార్డు చేసి ఉంచాం.